ఉపవాసం ముంగిట మూడు ఆదివారాలు

విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని, ఆ పూటే మాంసం మానేసి, రెండో శుక్రవారం వచ్చేసరికి నియమాన్ని సగం సడలించేవాళ్లు ప్రతి విచారణలోనూ కనిపిస్తారు. వాళ్ల భక్తిని శంకించనక్కర్లేదు. మంగళవారం రాత్రి దాకా అలవాటైన బతుకే బతికి, తెల్లారేసరికి తపస్వి అయిపోవడం ఎవరి తరమూ కాదు. పాతకాలపు కతోలిక శ్రీసభ ఈ సంగతి ఎరిగే, నలభై రోజుల తపస్సు కాలానికి ముందు మరో 17 రోజులు విడిగా కేటాయించింది. ఆ రోజుల్లో ఉపవాసం ఉండదు. ఉపవాసానికి మనిషినీ ఇంటినీ ఊరినీ సిద్ధం చేసుకోవడం ఉంటుంది. ముందు పాటలోంచి ఒక మాట తప్పుకుంటుంది. గుడిలో రంగు మారుతుంది. తర్వాత వంటింట్లో గుడ్లూ వెన్నా ఖాళీ అవుతాయి. ఆపైన పాపసంకీర్తనం. చివరికి పోయినేటి మట్టలు కాలి బూడిదవుతాయి. ఒకదాని వెనక ఒకటిగా సాగే ఈ వరసలోనే ఆ సంప్రదాయపు పనితనమంతా ఉంది.

లెక్క కుదిరే తీరు

ఈస్టరు మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. అక్కణ్నించి వెనక్కి 46 రోజులు లెక్కపెడితే విభూది బుధవారం వస్తుంది. మధ్యలోని ఆరు ఆదివారాలు ఉపవాస దినాలు కావు కనుక వాటిని తీసేస్తే నలభై. ఇంకా వెనక్కి వెళితే మూడు ఆదివారాలు. లాటిన్ పంచాంగంలో వాటి పేర్లు సెప్టువజెసిమా, సెక్సజెసిమా, క్విన్‌క్వజెసిమా. డెబ్బయ్యోది, అరవయ్యోది, యాభయ్యోది అని అర్థం. ఈస్టరును కలుపుకుని లెక్కిస్తే యాభయ్యోది మాత్రమే సరిగ్గా సరిపోతుంది. తక్కిన రెండూ పదుల్లో గుండుగుత్తగా పెట్టిన పేర్లు. 2026లో ఈస్టరు ఏప్రిల్ 5న కాబట్టి, పాత పంచాంగం ప్రకారం ఈ కాలం ఫిబ్రవరి 1న మొదలై 17వ తేదీ మంగళవారంతో ముగుస్తుంది.

ఈ ఏర్పాటు రోములో ఆరో శతాబ్దంలో రూపుకట్టింది. అవి యుద్ధాలూ మహమ్మారులూ ఆ నగరాన్ని పీడిస్తున్న రోజులు. మొదటి ఆదివారం పోపు గారూ జనమూ నగర ప్రాకారం బయటున్న పునీత లారెన్సు గుడిలో కూడేవారు. రెండో ఆదివారం పునీత పౌలు గుడిలో, మూడోది పునీత పేతురు గుడిలో. రోము నగరం తనవాళ్లుగా చెప్పుకునే ముగ్గురు పెద్ద వేదసాక్షుల సమాధుల దగ్గరికి వెళ్లి ఆశీస్సు తీసుకున్నాకే తపస్సులోకి అడుగుపెట్టేవారన్నమాట. 590 నుంచి 604 దాకా పోపుగా ఉన్న గొప్ప గ్రెగోరీ, లారెన్సు గుడిలో ఆ ఆదివారం చేసిన ప్రసంగం ఇప్పటికీ దొరుకుతుంది. ద్రాక్షతోట కూలీల కథ మీద చేసిన ప్రసంగం అది.

ఆ కథ అక్కడ ఉండటం యాదృచ్ఛికం కాదు. మూడు ఆదివారాల సువిశేషాలనూ వరసగా చదివితే అల్లిక తెలుస్తుంది. మొదటివారం, పొద్దుగూకే వేళకు వచ్చిన కూలీకి కూడా పనిలో చోటుందని పిలుపు. రెండోవారం విత్తనాలు చల్లేవాడి కథ. నీ నేల ఎలాంటిదో చూసుకో అంటుంది. మూడోవారం యెరికో దారిలోని గుడ్డివాడు చూపు అడుగుతాడు. అదే వారం పత్రికా పఠనంలో పౌలు, ప్రేమ లేకపోతే ఆస్తినంతా పంచిపెట్టినా లాభం లేదంటాడు. నలభై రోజులు కడుపు మాడ్చుకోబోయేవాళ్లకు అది ముందుగానే చేసిన హెచ్చరిక. గురువులు రోజూ చేసుకునే జపపుస్తకంలో మొదటివారం ఆదాము, రెండోవారం నోవా, మూడోవారం అబ్రహాము కథ మొదలవుతాయి. ఏదెను తోట పోగొట్టుకోవడం దగ్గర మొదలుపెడితేనే ఉపవాసం దేనికో అర్థమవుతుందని ఆ కూర్పు ఉద్దేశం.

మాటను పూడ్చిపెట్టడం

గుడిలో మార్పులు కూడా అంచెలంచెలుగానే వచ్చేవి. సెప్టువజెసిమా నుంచే గురువు ఊదారంగు పూజావస్త్రాలు వేసుకుంటాడు. ఆదివారం పూజలో మహిమగీతం వినిపించదు. సువిశేషానికి ముందు పాడే అల్లెలూయా స్థానంలో ట్రాక్ట్ అనే నిదానమైన కీర్తన వస్తుంది. కానీ ఆర్గన్ మోగడం ఆగదు. అది విభూది బుధవారానికి ఆగుతుంది. గుడిలోని వైభవమంతా ఒక్కసారిగా ఊడ్చేయకుండా, విడతలుగా తీసేయడం ఇక్కడి పద్ధతి.

అందులో అందరికీ గుర్తుండిపోయేది అల్లెలూయా వీడ్కోలు. మొదటి ఆదివారానికి ముందటి శనివారం సాయంకాల ప్రార్థన ముగింపులో ఆ మాటను రెండుసార్లు అదనంగా పాడి, ఇక పాస్కా జాగరణ దాకా నోటరానీయరు. 11వ శతాబ్దపు పోపు రెండో అలెగ్జాండర్ దీన్ని నియమంగా స్థిరపరిచాడు. జనం ఆ నియమంతో సరిపెట్టుకోలేదు. ఫ్రాన్సులోని తూల్ పట్టణపు కెథడ్రల్‌లో 15వ శతాబ్దంలో ఏం చేసేవారో రాతలో ఉంది. పాటగాళ్ల బృందంలోని పిల్లలు సిలువ, కొవ్వొత్తులు, ధూపం, తీర్థజలం పట్టుకుని, శవాన్ని మోసినట్టు ఒక మట్టిపెళ్లను మోసుకుంటూ ఏడ్పులతో ఊరేగింపు తీసేవారు. దాన్ని పూడ్చిపెట్టాక తీర్థం చల్లి, ధూపం వేసి తిరిగొచ్చేవారు. ఆ మాటను రాసిన పలకనో పత్రాన్నో పెట్టెలో పెట్టి దాచేయడం ఇంకో పద్ధతి. పాత పూజావిధిని పాటించే విచారణల్లో ఇవాళ పిల్లలు రంగుల కాగితం మీద ఆ మాట రాసి, పెట్టెలో పెట్టి, ఈస్టరుకు బయటికి తీస్తున్నారు.

ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ ఇందులో గట్టి లోకజ్ఞానం ఉంది. ప్రతి ఆదివారం పాడే మాట నోటికి అరిగిపోతుంది. తొమ్మిది వారాలు దాన్ని మూసిపెట్టి, పాస్కా జాగరణలో గురువు మూడుసార్లు, ప్రతిసారీ ఒక మెట్టు పైశ్రుతిలో ఎత్తుకుంటే, ఆ మాట మళ్లీ కొత్తగా చెవిన పడుతుంది. మొదట మానేది నాలుక మీది రుచిని కాదు, నాలుక మీది పాటను. తిండి వంతు తర్వాత వస్తుంది.

పోలండు పల్లెలు ఈ ఆలోచనను గుడి గోడ దాటించి వీధిలోకి తెచ్చాయి. తపస్సుకు ముందు జరిగే కార్నివాల్ సంబరాల చివరి రాత్రి నాట్యాలు ముగిశాక, పెద్ద తీగవాద్యమైన బాస్‌కు ఉత్తుత్తి అంత్యక్రియలు చేస్తారు. బోరున ఏడుస్తారు, హాస్యపు ప్రసంగాలు చేస్తారు. ఆ తర్వాత ఈస్టరు దాకా ఊళ్లో నాట్యసంగీతం ఉండదు. గుడిలో మాటకు జరిగిందే చావడిలో వాయిద్యానికీ జరిగింది.

వంటిల్లు ఖాళీ చేసే క్రమం

మధ్యయుగాల ఉపవాస నియమం ఇప్పటివాళ్లకు ఊహకు కూడా అందదు. తపస్సు కాలంలో మాంసంతో పాటు కొవ్వు, గుడ్లు, పాలు, వెన్న, జున్ను కూడా నిషిద్ధం. రోజుకు ఒకే పూట భోజనం. వెన్న తినడానికి ప్రత్యేక అనుమతి కావాలంటే కానుక చెల్లించాలి. ఫ్రాన్సులోని రువాన్ కెథడ్రల్‌లో ఒక గోపురానికి ‘వెన్న గోపురం’ అని పేరు రావడానికి కారణం, దాని నిర్మాణానికి ఆ కానుకల డబ్బు వాడారన్నదే. ఇంత కఠినమైన నియమం ఎదురుగా ఉన్నప్పుడు ఇంట్లో నిలవున్న సరుకు ఏం చేయాలి? నలభై రోజులు ఆగితే చెడిపోతుంది. పారేయడం పాపం. కాబట్టి తినాలి, పంచాలి, అదీ ఒక వరసలో.

ఇంగ్లండులో ఆ వరస స్పష్టంగా కనబడేది. సోమవారం మిగిలిన ఉప్పుమాంసాన్ని ముక్కలు కోసి గుడ్లతో వేయించేవారు. ఆ రోజుకు కాలప్ మండే అని పేరు. వేయించగా మిగిలిన కొవ్వు మంగళవారానికి పనికొచ్చేది. గుడ్లు, పాలు, పిండి కలిపి అదే కొవ్వులో పాన్‌కేక్‌లు పోసేవారు. రెండు రోజుల్లో మాంసం, కొవ్వు, గుడ్లు, పాలు అన్నీ తీరిపోతాయి. పోలండులో విభూదికి ముందటి గురువారమే మొదలుపెట్టేవారు. ఆ రోజు జామ్ నింపి పంది కొవ్వులో వేయించిన పోంచ్కి తినని ఇల్లు ఉండదు. కార్తీకం రాకముందు ఆఖరి ఆదివారం మన ఊళ్లలో మాంసం దుకాణాల ముందు కనిపించే బారులే ఇవీ. తేడా ఏమిటంటే, అక్కడ కోళ్లకు ఉపవాసం లేదు కనుక నలభై రోజులూ గుడ్లు పోగయ్యేవి. ఈస్టరు నాడు గుడ్లకు రంగులు వేసి పంచడం వెనక ఈ పోగుబడిన నిలవ కూడా ఒక కారణం.

నియమం అందరికీ ఒకటే కావడం వల్ల విందు కూడా అందరిదీ అయింది. దక్షిణ ఇంగ్లండులో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాన్‌కేక్ అడిగేవారు. పెళ్లిళ్లు కూడా ఈ రోజుల్లోనే గుమిగూడేవి, ఎందుకంటే విభూది బుధవారం నుంచి ఈస్టరు వారం ముగిసేదాకా పెళ్లి సంబరాలు కూడదని 1563లో ట్రెంట్ మహాసభ మళ్లీ గట్టిగా చెప్పింది. మన కతోలిక విచారణల్లో ఇప్పటికీ తపస్సు కాలంలో పెళ్లి ప్రకటనలు అరుదు.

గంట మోగితే పాపసంకీర్తనం

విందు జరిగే మంగళవారమే పాపసంకీర్తనానికి కూడా గడువు. దాదాపు 1000వ సంవత్సరం నాటి ఇంగ్లండు శ్రీసభ నియమాల్లోనే, తపస్సు కాలానికి ముందువారం ప్రతి ఒక్కరూ తమ గురువు దగ్గరికి వెళ్లి చేసినవన్నీ చెప్పుకోవాలని ఉంది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి, ఈస్టరు కాలంలో సత్ప్రసాదం స్వీకరించాలని లోకమంతటికీ శాసించింది. మంగళవారం పొద్దున గుడిగంట మోగితే జనం పని వదిలి వెళ్లేవారు. అప్పుడు గురువు విధించే ప్రాయశ్చిత్తాన్ని తీర్చుకోవడానికి ఎదురుగా నలభై రోజులున్నాయి. రోగం తెలిశాక పథ్యం మొదలుపెట్టడం అది. పథ్యం మొదలుపెట్టి మధ్యలో రోగం వెతకడం కాదు.

తూర్పు సంప్రదాయపు కతోలికుల దగ్గర, ముఖ్యంగా ఉక్రెయిన్ గ్రీకు కతోలికుల దగ్గర, ఈ మెట్లు ఇంకా విడివిడిగా కనిపిస్తాయి. ఒక ఆదివారంతో మాంసం ఆగుతుంది. తర్వాతి ఆదివారంతో పాలు, జున్ను ఆగుతాయి. ఆ రెండో ఆదివారం సాయంత్రం గుడిలో అందరూ ఒకరికొకరు వంగి క్షమాపణ అడుగుతారు. పొరుగింటివాడితో మాటలు లేకుండా ఉపవాసం మొదలుపెట్టడానికి వీల్లేదు.

ఇంగ్లండులో మత సంస్కరణ తర్వాత పాపసంకీర్తనం పోయింది, గంట మిగిలింది. దాన్ని జనం పాన్‌కేక్ గంట అనడం మొదలుపెట్టారు. ఓల్నీ పట్టణంలో ఇప్పటికీ ఆ మంగళవారం స్త్రీలు పెనం చేతబట్టి, పాన్‌కేక్ ఎగరేస్తూ 415 గజాలు గుడిదాకా పరుగెడతారు. అది 1445లో మొదలైందని స్థానిక ఐతిహ్యం. డార్బీషైర్‌లోని ఆష్‌బోర్న్‌లో ఊరి వాగుకు ఏ ఒడ్డున పుట్టారో ఆ జట్టులో చేరి, మూడు మైళ్ల ఎడంలో ఉన్న గోల్‌ల మధ్య వందలమంది బంతాట ఆడతారు. ఆ ఆట విభూది బుధవారం కూడా సాగుతుంది. పండుగ తన గమ్యాన్ని మరిచిపోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

హద్దు మీరిన సంబరానికి మందు

కార్నివాల్ హద్దు దాటుతుందని శ్రీసభకు తెలుసు. దాన్ని ఆపేయడం కంటే, పక్కనే ఇంకో ఆకర్షణ పెట్టడం మేలని కొందరు గ్రహించారు. ఇటలీలోని మచెరాతాలో 1556లో కార్నివాల్ రోజుల్లో అసభ్య నాటకం ఒకటి ఆడబోతుంటే, యేసుసభ గురువులు గుడిని దీపాలతో అలంకరించి నలభై గంటల సత్ప్రసాద ఆరాధన ఏర్పాటు చేశారు. అంతకుముందే మిలాన్‌లో పుట్టిన ఆ ఆరాధన 1592లో పోపు ఎనిమిదో క్లెమెంట్ ఆజ్ఞతో రోములో గుడి నుంచి గుడికి ఏడాది పొడవునా సాగే క్రమమైంది.

రోములో ఫిలిప్ నేరి అనే గురువు ఇంకా తెలివిగా ఆలోచించాడు. 1550ల నుంచి ఆయన కార్నివాల్ వారపు గురువారం కుర్రాళ్లను వెంటబెట్టుకుని ఏడు పెద్ద గుళ్లకు కాలినడకన తీసుకెళ్లేవాడు. దారిపొడవునా పాటలు, మధ్యాహ్నం తోటలో రొట్టె, జున్ను, గుడ్లు, ద్రాక్షారసంతో వనభోజనం, వాయిద్యాలు. కొద్దిమందితో మొదలైన ఆ నడక వేలమందికి పెరిగింది. పండుగలోని మూడు సుఖాలు, అంటే తోడు, తిండి, పాట, ఆయన ఒక్కటీ తీసేయలేదు. వాటికి ఒక దారి చూపించాడంతే.

కొలోన్ నగరపు జనం తమ పద్ధతిలో లెక్క సరిచూసుకుంటారు. పండుగ రోజుల్లో మద్యశాలల ముందు వేలాడదీసిన గడ్డిబొమ్మ నుబ్బెల్ మీద మంగళవారం అర్ధరాత్రి అందరి తప్పులూ మోపి తగలబెడతారు. అది వేళాకోళమే అయినా, ఆ నిప్పు తర్వాత బూడిద వస్తుందన్న జ్ఞాపకం అందులో ఉంది.

గుడిలో బూడిద ఇంకో నిప్పు నుంచి వస్తుంది. పోయినేడు మట్టల ఆదివారం నాడు ఆశీర్వదించి ఇళ్లకు తీసుకెళ్లిన ఆకులను విభూదికి ముందు తిరిగి తెప్పించి, కాల్చి, జల్లెడ పడతారు. మన దగ్గర అవి ఈత మట్టలో కొబ్బరి ఆకులో అవుతాయి, సిలువ ఆకారంలో మడిచి పటం వెనక దోపినవి. ఊపిన చేతిలోని జయధ్వానమే ఏడాది తిరిగేసరికి నుదుటి మీద బూడిదవుతుంది. ఇంటి గోడకున్న ఆకు గుడికి తిరిగి వెళ్లడం వల్ల ఆ బూడిదలో ప్రతి ఇంటి వాటా ఉంటుంది.

మన నేల మీద

పోర్చుగీసుల వెంట గోవాకు వచ్చిన కార్నివాల్‌ను అక్కడి పల్లెలు ఇంత్రూజ్ అంటాయి. పణజిలో కార్నివాల్ నాయకుడిగా వేషం కట్టే మోమో రాజు ఊరేగింపు 1965 నుంచి సాగుతున్న నగర ఉత్సవం. చాందోర్‌లో సోమవారం మగవాళ్లు రోకళ్లు నేలకు తాటిస్తూ ఆడే ముసళ్ ఖేళ్ దానికంటే పాత పల్లె ఆచారం. కేరళ సిరో-మలబార్ కతోలికులకు తపస్సు బుధవారం కాక సోమవారమే మొదలవుతుంది. ముందురోజు ఆదివారం పెతుర్తా, మాంసానికి వీడ్కోలు చెప్పే పండుగ. తపస్సుకు మూడు వారాల ముందు, నీనెవె వాసుల పశ్చాత్తాపాన్ని తలచుకుంటూ మూడు రోజుల నోము పడతారు. కురవిలంగాడు గుడిలో ఆ నోము రోజుల్లో యోనా ప్రయాణానికి గుర్తుగా ఒక ఓడ నమూనాను భుజాలకెత్తి, తుపానులో ఊగినట్టు ఊపుతూ ఊరేగిస్తారు. తెలంగాణలో 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనం ఈ సంప్రదాయానిదే. కనుక మన రాష్ట్రాల్లోనే కొందరు కతోలికులు సోమవారం, కొందరు బుధవారం విభూది పెట్టుకుంటారు.

తెలుగు కతోలికులకు కార్నివాల్ లేదు. అయితే ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదల కొండ మీద జరిగే మరియమాత ఉత్సవం చాలా ఏళ్లలో ఈ రోజుల్లోనే పడుతుంది. 2026లో అది రెండో, మూడో ఆదివారాల నడుమ వస్తుంది. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10నే. ఉత్సవం నడిమి రోజే ఉపవాసం. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు, మెట్లెక్కే జనంలో మతాల కలగలుపు, ఆ మూడు రోజుల సందడి చూసినవాళ్లకు తపస్సుకు ముందు ఊరంతా ఒకచోట చేరడం ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

పోయిందేమిటి, మిగిలిందేమిటి

1966లో పోపు ఆరో పౌలు ఉపవాస నియమాన్ని సడలించాడు. తప్పనిసరి ఉపవాసం విభూది బుధవారానికీ పవిత్ర శుక్రవారానికీ పరిమితమైంది. 1969లో వచ్చిన కొత్త పంచాంగం మూడు ఆదివారాల ముందస్తు కాలాన్ని తీసేసింది. తపస్సు కాలపు ప్రత్యేకత పలచబడకూడదని, పంచాంగం సరళంగా ఉండాలని సంస్కర్తలు భావించారు. ఊదారంగు తపస్సు కాలానికే మిగిల్చితే దాని విలువ నిలుస్తుందన్న వాదనలో నిజం లేకపోలేదు. 1962 నాటి పూజాపుస్తకాన్ని పాటించేవాళ్లు మాత్రం పాత క్రమాన్ని వదల్లేదు. 2007లో పోపు పదహారో బెనెడిక్ట్ వాళ్లకు వెసులుబాటు పెంచాడు, 2021లో పోపు ఫ్రాన్సిస్ దాన్ని బాగా తగ్గించాడు. ఆంగ్లికన్ సంప్రదాయం నుంచి కతోలికంలోకి వచ్చినవాళ్ల పూజావిధిలో ఈ కాలం పేరుతో సహా ఇప్పటికీ ఉంది.

చిత్రమేమిటంటే, నియమం సడలినా విందు సడలలేదు. న్యూ ఓర్లీన్స్, వెనిస్, రియో వీధుల్లో మంగళవారం ఇంకా పెద్దదైంది. బుధవారం మాత్రం చిన్నదైపోయింది. దేనికోసం తింటున్నామో తెలియని విందు అది. ఇటు ఉపవాసం ఉండేవాళ్లు ఏ సన్నాహమూ లేకుండా దానిలోకి దూకుతున్నారు. ఒకప్పుడు ఒకే తాడు రెండు కొసల్లా ఉన్న ఈ రెండూ విడిపోవడమే అసలు నష్టం. ప్రేమించి తిన్నదాన్ని మానితేనే త్యాగం. మానబోతున్నామని తెలిసి తింటేనే అది కృతజ్ఞత. పాత విచారణ ఈ రెంటినీ ఒకే మంగళవారంలో, ఒకే గంట కింద కలిపింది.

ఆ మూడు ఆదివారాలు పంచాంగంలో లేకపోయినా వాటి పనిని ఏ విచారణ అయినా చేసుకోవచ్చు. ఫిబ్రవరి మొదట్లోనే పాత మట్టలు తెమ్మని ప్రకటించవచ్చు. పాపసంకీర్తనం వేళలు తపస్సు చివరివారానికి బదులు విభూదికి ముందువారం పెట్టవచ్చు. ఆఖరి మంగళవారం ఉపదేశి పిల్లలతో అల్లెలూయా రాయించి పెట్టెలో పెట్టించవచ్చు. ఇంట్లో పెద్దా చిన్నా కూర్చుని ఈసారి ఏం మానాలి, దానితో మిగిలే డబ్బు ఎవరికి చేరాలి అని ముందే తేల్చుకోవచ్చు. ఆ రాత్రి ఇరుగింటివాళ్లను భోజనానికి పిలిచి, మాటలు లేనివాళ్లతో మాట కలపవచ్చు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఇంట్లో క్యాలెండరు మీద విభూది బుధవారానికి రెండున్నర వారాల ముందు ఒక గీత గీసుకుంటే చాలు.